విద్యార్థిని విద్యార్థి నడిపిస్తే తప్పేమిటి?

కాలేజీ పిల్లలు నలుగురు చేరి బైబిలు చదువుకుంటున్నారంటే సంతోషించని సంఘపెద్ద ఉండడు. ఆ నలుగురిలో ఒకడు మిగిలిన ముగ్గురి ఆత్మీయ బాధ్యత తీసుకున్నాడని, వారానికోసారి ఒక్కొక్కరినీ కలిసి మంచిచెడ్డలు అడుగుతున్నాడని తెలిస్తే మాత్రం ఆ పెద్దాయన నొసలు ముడిపడుతుంది. ఇరవై ఏళ్లవాడికి వాక్యం ఏం తెలుసు, తానే తడబడేవాడు ఇంకొకణ్ణి ఏం నడిపిస్తాడు అంటారు. గుడ్డివాడి చెయ్యి గుడ్డివాడు పట్టుకున్నట్టే అంటారొకరు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే అంటారు మరొకరు. దీనికి తల్లిదండ్రుల మాట తోడవుతుంది: ముందు పట్టా చేతికి రానీ, భక్తికి ఆదివారం ఉంది కదా అని. ఇవన్నీ కలిసి మన తెలుగు సంఘాల్లో ఒక అభిప్రాయం గట్టిపడింది. విద్యార్థి విశ్వాసాన్ని కాపాడేవి పాస్టరుగారి ప్రసంగమూ ఏడాదికోసారి జరిగే పెద్ద యూత్ మీటింగులూ అని, విద్యార్థులే నడుపుకునే చిన్న గుంపులు పెద్దలు దొరకనప్పటి సర్దుబాటు మాత్రమే అని. ఈ అభిప్రాయం లేఖనాల ముందు నిలవదు, సంఘ చరిత్ర ముందు నిలవదు, కాలేజీ జీవితం ఎలా ఉంటుందో తెలిసినవారి ముందు అసలే నిలవదు. తోటివాళ్ల నడిపింపు ప్రసంగ వేదిక చేయలేని పనిని చేస్తుంది. అందులో ప్రమాదం లేదని నేననడం లేదు. ఆ ప్రమాదాన్ని మన పెద్దలు నడిపేవాడి వయసులో వెతుకుతున్నారు. అది ఉన్నది ఎదురు ప్రశ్నకు తావివ్వని అధికారంలో.

చిన్న గుంపులో నిజంగా ఏం జరుగుతుందో ముందు చూడాలి. చాలామంది దాన్ని చిన్న చర్చిగా, దాని నాయకుణ్ణి బుల్లి పాస్టరుగా ఊహించుకుని భయపడుతున్నారు. ఆరుగురో ఎనిమిదిమందో హాస్టల్ గదిలోనో, మేడమీదో, గ్రౌండ్‌లో చెట్టు కిందో వారానికి ఒక గంట కూర్చుంటారు. సువార్తల్లోంచి ఒక భాగం అందరి ముందూ తెరిచి ఉంటుంది. ఇందులో ఏముంది, దీని భావం ఏమిటి, ఇది నిజమైతే ఈ వారం మనం చేయాల్సింది ఏమిటి అని మూడు ప్రశ్నలు వేసుకుంటారు. నాయకుడు ప్రసంగించడు. ప్రశ్న అడిగి ఆగుతాడు, నోరు విప్పనివాడికి చోటిస్తాడు, చర్చ ఎటో పోతే మళ్లీ వచనం దగ్గరికి తెస్తాడు. దీనితోపాటు మూడో సంవత్సరం చదివే అన్నో అక్కో కొత్తగా చేరిన ఒకరిద్దర్ని తమ బాధ్యతగా చూసుకుంటారు. మెస్ నుంచి గదికి నడిచే దారిలో సాగే మాటలే ఆ నడిపింపులో ఎక్కువ భాగం. మిగిలిపోయిన సబ్జెక్టులు, ఇంటి మీద బెంగ, ఫోనులో చూడకూడనివి చూసే అలవాటు, స్నేహితుడి దగ్గర చేసిన అప్పు, చెప్పుకోలేని ప్రేమ, నెలలుగా ప్రార్థన చేయబుద్ధి కాకపోవడం, ఇవన్నీ అక్కడ మాటల్లోకి వస్తాయి. వేలమంది కూర్చున్న మైదానంలో ఎంత గొప్ప దైవజనుడు మాట్లాడినా ఈ సంగతులు ఆయన చెవిన పడవు. వినేవాడు ఎదురు అడగలేడు, చెప్పేవాడు వినేవాడి ముఖం గుర్తుపట్టలేడు. ఆ రాత్రి చేతులెత్తినవాళ్ల లెక్క సభ ముగిసేలోపే ప్రకటిస్తారు. వారం తిరిగాక హాస్టల్లో వాళ్ల సంగతేమిటో లెక్క రాసేవాడు లేడు. ఆ లెక్క పెట్టుకోగలిగింది పక్క గదిలో ఉన్నవాడే.

గుడ్డివాడి మాట సంఘంలో లేఖనంగానే చెలామణి అవుతోంది కనుక లేఖనంలోనే చూద్దాం. మత్తయి సువార్త 15వ అధ్యాయంలో యేసు ఆ మాట అన్నది పరిసయ్యుల గురించి. ధర్మశాస్త్రం మీద పట్టున్న పెద్దలు వాళ్లు, జనానికి బోధించే స్థానంలో ఉన్నవాళ్లు. యౌవనుల నోరు మూయించడానికి మనం విసురుతున్న వాక్యం బోధకులను హెచ్చరించడానికి పుట్టింది. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఇంకా దగ్గరి సాక్ష్యం. నలుగురు యూదా కుర్రవాళ్లు పరాయి రాజధానిలో, పరాయి భాషలో మూడేళ్ల శిక్షణలో చేరారు. పేర్లు కూడా మార్చేశారు. వాళ్ల ఆలయం వందల మైళ్ల దూరంలో ఉంది. యాజకుడు పక్కన ఉన్న ప్రస్తావన ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఏం తినాలి, ఏం తినకూడదు అన్న చోట వాళ్లు నలుగురూ కలిసి నిలబడ్డారు. రెండో అధ్యాయంలో ప్రాణాల మీదికి వచ్చినప్పుడు దానియేలు నేరుగా ఇంటికి వెళ్లి హనన్యా, మిషాయేలు, అజర్యాలకు చెప్పి ప్రార్థించమన్నాడు. యౌవనాన్ని బట్టి ఎవరూ నిన్ను చులకన చేయకుండా చూసుకోమని పౌలు తిమోతికి రాశాడు. తాను నేర్పింది నమ్మకమైనవాళ్లకు అప్పగించమని, వాళ్లు ఇంకొందరికి నేర్పాలని కూడా రాశాడు. నేర్చుకున్నవాడు నేర్చుకుంటూనే నేర్పడం అపొస్తలుడు వేసిన పద్ధతి. అంతా నేర్చుకున్నాకే నోరు విప్పాలన్న నియమం ఆయన పెట్టలేదు.

ఇక చరిత్ర. 1729లో ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ వెస్లీ ఒకరిద్దరు తోటి విద్యార్థులతో మొదలుపెట్టిన గుంపులోకి అన్న జాన్ వచ్చి చేరాడు. కలిసి చదవడం, ప్రార్థించడం, జైల్లో ఖైదీలను చూసి రావడం వాళ్ల పని. తోటివాళ్లు హోలీ క్లబ్ అని వెక్కిరించారు. తర్వాత 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండుమంది చొప్పున విడదీసి, వారానికో పెన్నీ వసూలు చేసే పని ఒక్కొక్కరికి అప్పగించారు. వసూలుకు వెళ్లినవాళ్లకు ఆ ఇళ్లలో విశ్వాసం ఏ స్థితిలో ఉందో కనబడింది. ఆ వసూలు ఏర్పాటే క్లాస్ మీటింగ్‌గా మారింది. దాన్ని నడిపిన వాళ్లలో ఎక్కువమంది గురువుపట్టం పొందినవాళ్లు కారు. చేతిపనులవాళ్లు, దుకాణదారులు, స్త్రీలు. జాన్ వెస్లీ ప్రసంగాలు జనాన్ని కూడగట్టాయి, కూడినవాళ్లను నిలబెట్టింది మాత్రం ఈ తరగతులు. వెస్లీల నుంచి పుట్టిన ఆ మెథడిస్టు పాయే తర్వాత మన గడ్డకు పారింది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి దాని గుర్తు.

ఒంగోలు కథ ఇంకా సూటిగా చెబుతుంది. 1806లో అమెరికాలోని విలియమ్స్ కాలేజీ విద్యార్థులు ఐదుగురు వాన వస్తే గడ్డివామి చాటున చేరి, ఆసియాకు సువార్త చేరాలని ప్రార్థించారు. వాళ్లను నడిపింది శామ్యూల్ మిల్స్ అనే విద్యార్థి. పాస్టరెవరూ ఆ వామి చాటున లేడు. ఆ పట్టుదల వాళ్లలో కొందరితోపాటు ఆండోవర్ సెమినరీకి వెళ్లింది. అక్కడి విద్యార్థులు, వాళ్లలో అడోనిరామ్ జడ్సన్ ఒకడు, చేసిన విన్నపం మీద 1810లో అమెరికా మొదటి విదేశీ మిషను సంస్థ ఏర్పడింది. 1812లో కలకత్తాలో జడ్సన్ బాప్టిస్టుగా మారితే, ఆయన్ని ఆదుకోవడానికి అమెరికా బాప్టిస్టులు 1814లో తమ మిషను సంస్థ పెట్టుకున్నారు. ఆ సంస్థ పంపిన శామ్యూల్ డే 1836లో తెలుగు దేశం చేరాడు, తర్వాత జాన్ క్లౌని కూడా ఆ సంస్థే పంపింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ జనం కదలడానికి కూడా క్లౌ ప్రసంగాలకన్నా ముందు పనిచేసింది యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి తన చుట్టాల మధ్య తిరిగి చెప్పిన మాట. తోటివాడు తోటివాడికి చెప్పడం పుట్టుకలోనే ఉన్న సంఘం ఈ రోజు అదే పనిని అనుమానంగా చూడటం సొంత చరిత్రను మరచిపోవడమే.

అది పాత కాలం, ఇప్పటి కాలేజీ వేరు అనేవారు ఉంటారు. ఇప్పటి కాలేజీ గురించి చేసిన పరిశీలనలు కూడా ఇదే చెబుతున్నాయి. అమెరికాలో అలెగ్జాండర్ ఆస్టిన్ వందల కాలేజీల విద్యార్థుల మీద చేసిన పరిశోధనను 1993లో పుస్తకంగా వేశాడు. డిగ్రీ చదివే ఏళ్లలో విద్యార్థి ఎదుగుదల మీద అన్నిటికన్నా బలంగా పనిచేసేది తోటి విద్యార్థుల గుంపే అని అందులో తేల్చాడు. విలువలు, ఆశయాలు, చివరికి మార్కుల మీద కూడా. ఈ నిర్ధారణ భక్తి కోసం చేసింది కాదు కనుకే దానికి బరువు ఎక్కువ. విద్యార్థిని ఏదో ఒక గుంపు మలుస్తుంది. ఏ గుంపు అన్నదే మన చేతిలో ఉన్న ప్రశ్న. చిన్న గుంపు వద్దని ఆపిన పెద్దలు పిల్లవాణ్ణి తోటివాళ్ల ప్రభావం నుంచి తప్పించినట్టు కాదు, ఇంకో గుంపుకు అప్పగించినట్టు. 2007లో అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు మార్క్ రెగ్నెరస్, జెరెమీ యూకర్ మరొకరితో కలిసి వేసిన పరిశోధనలో ఇంకొక సంగతి బయటపడింది. కాలేజీ గడప తొక్కని యువతలో చర్చికి వెళ్లడం తగ్గినంతగా నాలుగేళ్ల కాలేజీలో చదువుతున్నవాళ్లలో తగ్గలేదు. చదువు పిల్లల్ని విశ్వాసానికి దూరం చేస్తుందన్న మన ఇళ్లలోని భయానికి ఆధారం తక్కువ అని దీని అర్థం. ఈ పరిశోధనలు అమెరికావి, తెలుగు క్యాంపస్‌కు అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా ఇంటికి దూరంగా ఒకే కప్పు కింద ఉండే పద్దెనిమిదేళ్లవాళ్లు ఒకరినొకరు మలుచుకుంటారన్న మాట హాస్టల్లో ఉన్న ఏ విద్యార్థినడిగినా ఒప్పుకుంటాడు.

తెలుగు విద్యార్థి విషయంలో మాత్రం ఈ గుంపులకు ఇంకొక పని ఉంది, అది పాస్టరుగారి వల్ల అయ్యేది కాదు. మిషనులు మన నేలను పంచుకున్నాయి: గుంటూరు లూథరన్లది, నెల్లూరు ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులది, కాకినాడ నుంచి పైకి కెనడా బాప్టిస్టులది, గోదావరి డెల్టా బ్రదరన్లది, పాలమూరు మెన్నోనైట్లది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి కొన్నిటిని కలిపింది గాని అన్నిటినీ కాదు. వీటి మీద ఊళ్లలోని కులాల గీతలు పడ్డాయి. ఒక కులంవాళ్ల చర్చిలో పుట్టి పెరిగిన పిల్ల ఇంకొక కులంవాళ్ల చర్చి గడప తొక్కకుండానే ఇంటర్ పూర్తి చేస్తుంది. ఆ పిల్ల యూనివర్సిటీ హాస్టల్లో మొదటిసారి లూథరన్‌తో, పెంతెకొస్తుతో, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన హిందూ స్నేహితురాలితో ఒకే బైబిలు ముందు కూర్చుంటుంది. మన డయోసిస్ సభలు, సినాడ్‌లు దశాబ్దాలుగా సాధించలేనిది ఆ గది ఒక సాయంత్రంలో మొదలుపెడుతుంది. కుల సర్టిఫికెట్ సంగతి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రెండు రాష్ట్రాల్లోనూ అతనికి మిగిలేది బీసీ-సి కింద ఒక్క శాతం. కాగితం మీద ఒక మతం, మనసులో ఇంకొక విశ్వాసం పెట్టుకుని చదివే పిల్లలు ఎందరో. ఆ బరువును వేదిక మీది నుంచి ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే తీర్పుగానే మాట్లాడతారు. అదే బరువు మోస్తూ మూడేళ్లు ముందు నడిచిన అక్క ముందు మాత్రం ఆ పిల్ల నోరు విప్పుతుంది. 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థలు విద్యార్థుల చేతికే నాయకత్వం ఇచ్చి, చదువు ముగించినవాళ్లను వెనక అండగా పెట్టిన తీరులో ఈ అవగాహన ఉంది.

ఇప్పుడు ఎదుటివారి బలమైన వాదనలకు వస్తాను. మొదటిది దుర్బోధ. పెద్దలు లేని చోట ఏదో ఒక వచనం పట్టుకుని కుర్రవాళ్లు పెడదారి పడతారని, రెహబాము కథను చూపిస్తారు. రాజుల మొదటి గ్రంథం 12వ అధ్యాయంలో అతను వృద్ధుల ఆలోచన తోసేసి తనతో పెరిగిన యౌవనుల మాట విన్నాడు, రాజ్యం రెండు ముక్కలైంది. తేలిగ్గా తీసిపారేసే వాదన కాదిది. కాని అదే గ్రంథంలో 22వ అధ్యాయం కూడా చదవాలి. అహాబు ముందు దాదాపు నాలుగువందలమంది ప్రవక్తలు, అనుభవం పండిన ఆస్థాన బోధకులు, ఒక్క గొంతుతో యుద్ధానికి వెళ్లమన్నారు. కాదన్నవాడు మీకాయా ఒక్కడే, అతన్ని చెరలో వేశారు. యౌవనుల గుంపు ఒక రాజును చెడగొట్టింది, పెద్దల గుంపు ఇంకొక రాజును చంపించింది. రెండు చోట్లా నాశనం తెచ్చింది ఒకటే: రాజుకు నచ్చిన మాటే మాట్లాడటం. చిన్న గుంపులో బైబిలు అందరి ముందూ తెరిచి ఉంటుంది, నాయకుడు తప్పు చెబితే అక్కడే, ఆ క్షణమే ఎవరైనా అడగవచ్చు. వేదిక మీద తప్పు దొర్లితే అడిగేదెవరు? స్వస్థత పేరుతో మందులు మాన్పించిన బోధలు, కానుక వేస్తే కటాక్షం రెట్టింపవుతుందన్న బోధలు మన మధ్యకు విద్యార్థుల గదుల్లోంచి రాలేదు. లౌడ్‌స్పీకర్లలోంచి వచ్చాయి.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గంభీరమైనది: ఒకరి ఆత్మీయ జీవితం ఇంకొకరి చేతిలో పెడితే అది పెత్తనంగా మారుతుందని. నిజంగానే మారింది. 1970ల్లో అమెరికాలో షెపర్డింగ్ అనే ఉద్యమం ప్రతి విశ్వాసీ తనపై ఉన్న కాపరికి లోబడాలని నేర్పింది. ఉద్యోగం, పెళ్లి వంటి నిర్ణయాల్లో కూడా అతని అనుమతి అడగవలసి వచ్చింది. దాన్ని నడిపిన పెద్దల్లో ఒకాయన తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 1979 తర్వాత బోస్టన్ నుంచి వ్యాపించిన మరో ఉద్యమం ప్రతి సభ్యుడి మీదా ఒక శిష్యరిక నాయకుణ్ణి నియమించింది. ఆ నాయకుడి మీద ఇంకొకరు, అలా పైదాకా. ఎన్నో విశ్వవిద్యాలయాలు దాన్ని క్యాంపస్‌లోకి రానివ్వలేదు. 2003 నాటికి లోపలివాళ్ల విమర్శతోనే ఆ కట్టడం కదిలిపోయింది. తోటివాళ్ల నడిపింపుకు వ్యతిరేకంగా చూపించే ఈ ఉదాహరణలు నా వాదననే బలపరుస్తాయి. ఆ రెండిటినీ కట్టింది విద్యార్థులు కాదు, బోధకులు. అక్కడ తోటితనం అనేదే మిగలలేదు, మెట్ల మీద మెట్లు మాత్రమే ఉన్నాయి. కనుక హద్దులు గట్టిగా గీయాలి. పాపం ఒప్పుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పెళ్లి, ఉద్యోగం, డబ్బు విషయాల్లో నాయకుడు ఆజ్ఞ ఇవ్వకూడదు. అమ్మాయిలను అక్కలే, అబ్బాయిలను అన్నలే నడిపించాలి. నాయకుడు ఏడాదికోసారి మారాలి. మానుకుంటానన్నవాణ్ణి మర్యాదగా పంపాలి, రానివాడి వెంటపడకూడదు, ఎవరికీ ఏ ఆశా చూపకూడదు. బయటి పట్టభద్రుడో పాస్టరుగారో నెలకోసారి గుంపు క్షేమం అడగాలి. ఈ హద్దుల్లో ఉన్న గుంపులో పెత్తనం వేళ్లూనడం కష్టం.

మూడోది చదువు. పిల్లలు చదవడానికి వెళ్లారు, ప్రార్థనలు తర్వాత అంటారు తల్లిదండ్రులు. వారానికి గంట, నడకలో గంట కలిపి రెండు గంటల సమయం చదువు పాడుచేయదు. ఫోను అంతకన్నా ఎక్కువ రోజుకే తీసుకుంటోంది. అసలు భయపడాల్సింది వేరే చోట ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఈ మరణాలకు కారణాలు అనేకం. చిన్న గుంపు వాటన్నిటికీ మందని నేను చెబితే అది అబద్ధమవుతుంది. కాని దిగులుపడిన విద్యార్థి ముందుగా వార్డెన్‌తో చెప్పడు, నాన్నతో అసలే చెప్పడు, పక్క మంచం మీది స్నేహితుడితో చెబుతాడు. ఆ స్నేహితుడు వినడం నేర్చుకున్నవాడై ఉండాలి. తనకు చేతకాని చోట ఆగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం తెలిసినవాడై ఉండాలి. ప్రార్థన చేస్తే తగ్గిపోతుందని చెప్పి చికిత్స ఆపించడం నాయకత్వం కాదు, నేరం. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి గుంపు నాయకుడి ఫోనులో ఉండాలి.

చివరి అభ్యంతరం గుంపును ఎరిగినవాళ్లు చేసేది: ఇవి ఒకరినొకరు ఓదార్చుకునే హాయి గదులుగా మిగిలిపోతాయని, సంఘం నుంచి పిల్లల్ని విడదీస్తాయని. 1994లో రాబర్ట్ వత్నో అనే సామాజిక శాస్త్రజ్ఞుడు అమెరికా చిన్న గుంపులను పరిశీలించి, పదిమంది పెద్దల్లో నలుగురు ఏదో ఒక గుంపులో ఉన్నారని, ఆ గుంపుల్లో చాలావాటిలో దేవుడు మన సౌకర్యానికి తగినట్టు కుదించుకుపోయాడని హెచ్చరించాడు. ఆ హెచ్చరికను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. లేఖనం కఠినంగా ఉన్న చోట దాటవేసే గుంపు, కులం తప్పని ఒప్పుకుని సెలవుల్లో ఊరెళ్లి అదే కులం పాటించే గుంపు నేను సమర్థిస్తున్న గుంపు కాదు. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు ఖైదీలను చూడటానికి జైలుకు వెళ్లారు. మన విద్యార్థులు క్యాంపస్ బయటి బస్తీకి వెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. సంఘం నుంచి విడిపోవడం గురించి అయితే, నాలుగేళ్లకు గుంపు ముగుస్తుంది, జీవితాంతం ఉండేది సంఘమే. ఆ సంగతి గుంపు నాయకుడికి మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలి. ఆదివారం దగ్గర్లోని చర్చిలో కూర్చోవడం గుంపు నియమం కావాలి. అయితే ఆ చర్చి కూడా వాళ్లకు కుర్చీ వేయాలి, వాళ్ల ప్రశ్నను అవిధేయత అనకుండా వినాలి. కాలేజీలో వాక్యం ముందు సమానంగా కూర్చోవడం నేర్చిన పిల్లలు ఊరి చర్చికి తిరిగొచ్చి మూలన నిలబడాల్సి వస్తే, దూరం పెంచింది గుంపు కాదు.

కాపరులకు నా విన్నపం ఇది. వచ్చే యూత్ మీటింగు ఖర్చులో పదోవంతు పక్కన పెట్టండి. మీ సంఘం నుంచి కాలేజీకి వెళ్లిన పిల్లల పేర్లు రాసుకుని, వాళ్లలో ఇద్దరికి గుంపు నడపడం నేర్పించండి. వాళ్లకు మీ పుస్తకాలు ఇవ్వండి, మీ ఫోను నంబరు ఇవ్వండి, వేదిక మాత్రం ఇవ్వకండి. వాళ్ల పని అక్కడ లేదు. తల్లిదండ్రులారా, హాస్టల్లో దింపి వచ్చేటప్పుడు ఫీజు రసీదుతోపాటు అక్కడ మంచి గుంపు ఉందో లేదో కూడా కనుక్కోండి. విద్యార్థులారా, పెద్దల అనుమతి కోసం ఆగకండి, పెద్దల సలహాను వదులుకోకండి. మీ గదికి రెండు గదుల అవతల ఈ ఏడాది చేరిన జూనియర్ ఒకరు ఉన్నారు. ఈ వారమే వెళ్లి పలకరించండి.